కార్పెట్టు తుక్కు, పాల ప్యాకెట్లతో నేల పలకలు చేయడం ఎలా?

హైదరాబాద్‌లో కార్పెట్టు తుక్కు ప్రధానంగా రెండు చోట్ల నుంచి వస్తుంది. ప్రదర్శన స్టాళ్ల కింద, ఫంక్షన్ హాళ్లలో పరిచే పలుచని కార్పెట్టు ఒకటి రెండు వాడకాలకే చిరిగి, మరకలు పడి పక్కకు పోతుంది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఏదైనా కార్యాలయం ఖాళీ చేసినా, లోపలి అలంకరణ మార్చినా చదరపు ముక్కలుగా పరిచిన బరువైన కార్పెట్టు లారీల్లో దిగుతుంది. ఇనుముకూ అట్టలకూ సీసాలకూ వెంటనే ధర కట్టే పాత సామాన్ల వ్యాపారి ఈ రెండింటినీ ముట్టుకోడు. ఆయన తప్పేమీ లేదు. కార్పెట్టు చూడటానికి ఒకటే గానీ, పైన కనిపించే పోగు ఒక ప్లాస్టిక్కు, దాన్ని పట్టుకున్న అల్లిక మరో ప్లాస్టిక్కు, రెండింటినీ అంటించింది రబ్బరు జిగురు, ఆ జిగురు నిండా సున్నపురాయి పొడి. వీటిని పూర్తిగా విడదీయాలంటే వచ్చే రాబడి కంటే కూలి ఎక్కువవుతుంది.

పూర్తిగా విడదీయనక్కర లేని దారి ఒకటుంది. దాని కీలకమంతా కరిగే వేడిలోని తేడాయే. పాల ప్యాకెట్టు ప్లాస్టిక్కు సుమారు 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కొబ్బరినూనె సీసా 130 దగ్గర, కార్పెట్టు వెనుక అల్లికగా ఉండే పాలీప్రొపిలీన్ 165 దగ్గర కరుగుతాయి. నైలాన్ పోగు కరగాలంటే రకాన్ని బట్టి 220 లేదా 260 డిగ్రీలు కావాలి. పాలియెస్టర్‌కు 250 దాటాలి. అంటే 180, 190 డిగ్రీల మధ్య ఆపగలిగితే వెనుక అల్లిక, పాల ప్యాకెట్లు కరిగి ముద్దవుతాయి, నైలాన్ పోగు పోగులాగే మిగిలి ఆ ముద్దను లోపలి నుంచి పట్టి ఉంచుతుంది. మట్టిగోడలో వరిగడ్డి చేసే పని ఇదే. ఈ వ్యాసంలో చెప్పేది 30 సెంటీమీటర్ల చదరం, 2 సెంటీమీటర్ల మందం ఉన్న పలక గురించి. చేయి తిరిగాక అదే పద్ధతిలో బెంచీ చెక్కలు, కంచె పట్టీలు కూడా చేయవచ్చు.

ఇంటి వంటగదిలోనో, అపార్టుమెంటు మేడ మీదో చేసే పని కాదిది. గాలి ధారాళంగా ఆడే షెడ్డు, నమ్మకమైన కరెంటు కనెక్షన్, వేడిని కొలిచే పరికరం ఉంటేనే మొదలుపెట్టండి.

కార్పెట్టును గుర్తుపట్టడం

పలక బాగుంటుందా లేదా అన్నది కొలిమి దగ్గర కాదు, ఏరే బల్ల దగ్గరే తేలిపోతుంది. అందుకే ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టండి.

ముందుగా కార్పెట్టును తిరగేసి చూడండి. వెనుక తెల్లటి లేదా గోధుమరంగు గళ్ల అల్లిక కనిపిస్తే అది మామూలు చుట్ట కార్పెట్టు. నల్లగా, నున్నగా, బరువుగా ఉంటే కార్యాలయాల్లో పరిచే చదరపు రకం. దాని వెనుక పూత పీవీసీ కావచ్చు, తారు కావచ్చు. పీవీసీని వేడి చేస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. అది ఊపిరితిత్తులనూ యంత్రాన్నీ రెండింటినీ తినేస్తుంది. కనుక్కోవడానికి రాగి తీగ చాలు. తీగ కొనను మంటలో ఎర్రగా కాల్చి, వేడి మీదనే ఆ పూతకు అద్ది, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టే. ఆ సరుకు మొత్తం పక్కన పెట్టేయాలి. ఈ పరీక్ష ఆరుబయట, గాలికి ఎదురుగా నిలబడకుండా, గోరంత ముక్కతోనే చేయండి. తారు పూత ఉన్నదాన్నీ మొదటి రోజుల్లో తీసుకోకండి. పై పోగును బ్లేడుతో గొరిగి తీసుకోగలిగితే అది మాత్రం బంగారం లాంటి సరుకే, ఎందుకంటే కార్యాలయపు కార్పెట్టు పోగు చాలావరకు నైలానే.

తర్వాత పై పోగు సంగతి. నాలుగైదు పోగులు పీకి, సబ్బు చుక్క కలిపిన నీళ్లలో వేసి వేళ్లతో నలపండి. గాలి బుడగలు వదిలాక కూడా తేలితే పాలీప్రొపిలీన్. మునిగితే నైలాన్, పాలియెస్టర్, ఉన్ని, నూలులో ఏదో ఒకటి. మొత్తం కార్పెట్టు ముక్కను నీళ్లలో వేస్తే ఈ పరీక్ష పనిచేయదు. వెనుక ఉన్న సున్నపురాయి పొడి బరువుకు అన్నీ మునుగుతాయి.

మునిగిన పోగును పట్టకారుతో పట్టుకుని మంట అంచుకు తీసుకెళ్లండి. ఉన్ని అయితే కాలిన జుట్టు వాసన వేసి, చల్లారాక వేళ్ల మధ్య పొడి అవుతుంది. నూలు, జనుము కాగితంలా కాలి బూడిద మిగులుస్తాయి. నైలాన్, పాలియెస్టర్ ముడుచుకుపోయి గట్టి పూసలా మిగులుతాయి. పాలియెస్టర్ నల్లటి పొగ ఎక్కువగా వదులుతుంది. ఈ రెండింటి మధ్య సందేహం ఉన్నా మన పనికి ఫర్వాలేదు. మన వేడికి రెండూ కరగవు. పెద్ద మొత్తంలో కొనే ముందు మాత్రం చర్లపల్లిలోని సిపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్కు శిక్షణ, పరీక్షల సంస్థ) లాంటి ప్రయోగశాలలో నమూనా ఇచ్చి, ఎన్ని డిగ్రీలకు కరుగుతుందో రాయించుకోండి. ఆ ఒక్క కాగితం చాలా నష్టాన్ని ఆపుతుంది.

ఏరడం పూర్తయ్యేసరికి మూడు కుప్పలు తేలాలి. నైలాన్, పాలియెస్టర్ పోగులున్నది బలానికి. పూర్తిగా పాలీప్రొపిలీన్ అయినది కరిగించి అతుకుగా వాడుకోవడానికి. ప్రదర్శనల్లో పరిచే పలుచని కార్పెట్టులో ఈ రకం తరచూ కనిపిస్తుంది, కానీ అదే రూపంలో పాలియెస్టర్‌దీ దొరుకుతుంది కాబట్టి నీళ్ల పరీక్ష మానకండి. మూడో కుప్ప ఉన్ని, జనుము, పీవీసీ, బూజు పట్టినవి. ఇవి ఈ పనికి రావు.

ఏరేవారి గురించి ఒక మాట. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగా జరుగుతుంది. కార్పెట్టు దుమ్ములో ఏళ్లనాటి మట్టి, సున్నపురాయి పొడి, పోగుల నలుసులు ఉంటాయి. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, తాగునీరు, చేతులు కడుక్కునే చోటు లేకుండా ఎవరినీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టకండి. వచ్చిన మొత్తం తుక్కు బరువుకు కాక, శుభ్రంగా ఏరిన పోగు బరువుకు కూలి కట్టండి, అదీ మంచి ధర కట్టండి. ఈ పలక నాణ్యత వాళ్ల కంటిచూపు మీద ఆధారపడి ఉంది.

ప్లాస్టిక్కు ఎంపిక

త్రికోణం గుర్తులో 2, 4, 5 అంకెలున్నవి తీసుకోండి. షాంపూ, ఫినాయిల్, కొబ్బరినూనె సీసాలు, పాల ప్యాకెట్లు, రంగుల బకెట్లు ఈ కోవలోకి వస్తాయి. 3 అంకె పీవీసీ, వద్దు. 1 అంకె నీళ్ల సీసాలది. అవి మన వేడికి కరగవు, పైగా వాటికి వేరే గిరాకీ ఉంది. మెరిసే చిప్స్ ప్యాకెట్లు కూడా మొదట్లో వద్దు. పాల ప్యాకెట్లను చీరి, వేడి సబ్బునీళ్లలో కొవ్వు పోయేదాకా కడగాలి. కొవ్వు మిగిలితే పోగుకు ప్లాస్టిక్కు పట్టదు, వాసనా పోదు.

దులపడం, కోయడం, ఆరబెట్టడం

కార్పెట్టును కడిగే ముందే కర్రతో బాది దుమ్ము దులపండి. వెనుక జిగురు పెళుసుగా ఉంటుంది కాబట్టి బాదినకొద్దీ తెల్లటి పొడి రాలుతుంది. జల్లెడ పట్టి ఆ పొడిని దాచండి. తర్వాత రాతిపొడి బదులు అదే వాడుకోవచ్చు.

ముక్కలు రెండు మూడు సెంటీమీటర్ల పొడవుండాలి. అంతకంటే పొడవైతే యంత్రం ఇరుసుకు చుట్టుకుంటుంది, ముద్దలో ఉండలు కడుతుంది. మరీ పొట్టిగా పొడి చేస్తే బలం ఇవ్వదు. కాటేదాన్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో ప్లాస్టిక్కును కోసే యంత్రాలున్న యూనిట్లలో గంటల లెక్కన కోయించుకోవచ్చు. అయితే సీసాల కోసం చేసిన యంత్రంలో నేరుగా కార్పెట్టు వేయకండి. ముందు పట్టీలుగా కోసి, ప్లాస్టిక్కు ముక్కలతో కలిపి వేస్తే చుట్టుకోవడం తగ్గుతుంది. చుట్టుకున్న పోగును తీయాలంటే స్విచ్చి ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకాలి.

ఆరబెట్టడాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నైలాన్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. 180 డిగ్రీల వద్ద ఆ తేమ ఆవిరై పలక నిండా బుడగలు పెడుతుంది. ఏప్రిల్, మే ఎండలో రేకు మీద పలుచగా పరిస్తే ఒక రోజు చాలు. వానాకాలంలో మాత్రం ఎండను నమ్ముకోవద్దు. 80 నుంచి 100 డిగ్రీల వేడిగాలిలో నాలుగు గంటలైనా ఉంచి, మూత ఉన్న డ్రమ్ములో పోసి, అదే రోజు వాడేయండి.

పాళ్లు

ఒక పలకకు మొత్తం 2 కిలోలు తూచుకోండి: పోగు ముక్కలు 600 గ్రాములు, ప్లాస్టిక్కు 1200 గ్రాములు, రాతిపొడి లేదా జల్లెడ పట్టిన సున్నపురాయి పొడి 200 గ్రాములు. 30×30×2 సెంటీమీటర్ల అచ్చు 1800 ఘన సెంటీమీటర్లు. ఈ మిశ్రమం ఘన సెంటీమీటరుకు సుమారు 1.07 గ్రాములు తూగుతుంది కాబట్టి అచ్చు నిండడానికి 1.93 కిలోలు కావాలి. మిగిలిన కొంచెం అంచుల్లోంచి బయటికి పొర్లుతుంది. పొర్లకపోతే అచ్చు నిండలేదన్నమాట.

నైలాన్‌కూ పాలిథిన్‌కూ సహజంగా పొత్తు కుదరదు. మాలిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం అంటించిన పాలిథిన్ గుళికలను ప్లాస్టిక్కు తూకంలో 3 శాతం, అంటే ఇక్కడ 36 గ్రాములు కలిపితే రెండూ పట్టుకుంటాయి. ప్లాస్టిక్కు వ్యాపారుల దగ్గర దొరికే సరుకే. ఖర్చు పెరుగుతుంది నిజమే, అయినా ఇది మానవద్దనే నా సలహా. ఆరుబయట వాడే పలకైతే నలుపు మాస్టర్‌బ్యాచ్ (ప్లాస్టిక్కులో కలిపే చిక్కటి రంగు గుళికలు) 80 గ్రాములు వేయండి. ఎండకు ప్లాస్టిక్కు పెళుసెక్కకుండా కాపాడేది అందులోని కార్బన్ బ్లాక్ అనే మసిపొడి. ఈ రెంటి బరువునూ ప్లాస్టిక్కు వాటాలోంచే తగ్గించుకోండి.

కరిగించడం, నొక్కడం

అచ్చుకు 10 మిల్లీమీటర్ల ఇనుప పలకలు, చుట్టూ ఫ్రేము, పైన ఫ్రేములో సరిగ్గా దిగే మూత కావాలి. లోపల టెఫ్లాన్ పట్టా పరిస్తే పలక సులువుగా ఊడి వస్తుంది. వేడికి కరెంటు హీటర్లే వాడండి. కట్టెల మంట, గ్యాసు మంట ఎంత చౌకైనా వద్దు. మంట వేడి ఒక మూల 150, ఇంకో మూల 300 ఉంటుంది. ఆ 300 ఉన్న మూలే విషపు పొగకూ అగ్నిప్రమాదానికీ మూలం.

స్క్రూ ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్కును కరిగించి మరతో ముందుకు నెట్టే యంత్రం) అందుబాటులో ఉంటే మిశ్రమాన్ని అందులోంచి ముద్దగా తీసి, తూచి, వేడి చేసిన అచ్చులో పెట్టి నొక్కడం ఉత్తమం. ముద్ద బయటికి వచ్చే రంధ్రం వెడల్పుగా ఉండాలి, సన్నదైతే పోగులు అడ్డుపడతాయి.

ఆ యంత్రం లేకపోతే పొరల పద్ధతి ఉంది. చీరి కడిగిన పాల ప్యాకెట్లు ఒక పొర, దాని మీద పోగు ముక్కలు పలుచగా, చిటికెడు చిటికెడు రాతిపొడి, మళ్లీ ప్యాకెట్లు. ఇలా అచ్చు ఎత్తుకు మించి పేర్చి, మధ్యమధ్యలో నొక్కుతూ వెళ్లాలి. అట్టడుగునా అన్నిటికంటే పైనా ప్లాస్టిక్కు పొరే ఉండాలి. పోగు పైకి తేలితే నీళ్లు లోపలికి దారి వెతుక్కుంటాయి. గుళికలు, మాస్టర్‌బ్యాచ్ ఈ పద్ధతిలో సమంగా కలవవు. వాటిని ముందే కలిపి రేకుగా చేయించుకోవాలి, లేదా మొదటి నమూనాలకు లేకుండానే కానివ్వాలి.

వేడిని 185 డిగ్రీల దగ్గర పెట్టండి. హీటరు మీద కనిపించే అంకె ఇనుప పలక వేడిదే. ప్లాస్టిక్కులోకి వేడి చాలా నెమ్మదిగా దిగుతుంది. థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) కొనను అచ్చు మధ్యకు దూర్చి, అక్కడ 175 దాటేదాకా ఆగాలి. రెండు సెంటీమీటర్ల పలకకు అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. తొందరపడి హీటరును 220కి పెంచితే పైన మాడుతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది. ఏ కారణంగానైనా 200 దాటనివ్వకండి.

మధ్య భాగం వేడెక్కాక 20 టన్నుల హైడ్రాలిక్ జాకీతో నొక్కండి. మన అచ్చు వైశాల్యం 900 చదరపు సెంటీమీటర్లు. జాకీ పూర్తి బలం మీద చదరపు సెంటీమీటరుకు 22 కిలోల ఒత్తిడి పడుతుంది, అది చాలు. ఒక్కసారిగా కాకుండా సగం దాకా నొక్కి, కొంచెం వదిలి లోపలి గాలి పోనిచ్చి, మళ్లీ పూర్తిగా బిగించండి. హీటర్లు ఆపి, ఒత్తిడి అలాగే ఉంచి, 60 డిగ్రీల కిందికి వచ్చేదాకా కదపకండి. నీళ్లు చల్లి చల్లార్చితే ఒకవైపు ముందు బిగుసుకుని పలక వంకరపోతుంది. ఫ్యాను పెట్టుకోవచ్చు.

కరిగిన ప్లాస్టిక్కు చర్మానికి అంటితే ఊడదు. తోలు చేతి తొడుగులు, ముఖానికి కవచం, నూలు బట్టలు తప్పనిసరి. అంటుకుంటే పీకకండి, ధారగా పడే చన్నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్లండి. షెడ్డులో పొడి ఇసుక బకెట్లు, డ్రై పౌడర్ అగ్నిమాపకం చేతికందేలా ఉండాలి. మండుతున్న ప్లాస్టిక్కు మీద నీళ్లు పోయవద్దు.

మొదటి పలకను కోసి చూడండి

ప్రతి విడతలో ఒక పలకను రంపంతో అడ్డంగా కోయండి. కోసిన ముఖాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. సూది బెజ్జాల్లా రంధ్రాలు కనిపిస్తే తేమ. పొడవాటి ఖాళీలు కనిపిస్తే ఒత్తిడి చాలలేదు. తెల్లగా, పొడిగా పోగుల గుంపు ఒకచోట ఉంటే ప్లాస్టిక్కు అక్కడికి చేరలేదు. ఇంకో ముక్కను సుత్తితో విరగ్గొట్టి, విరిగిన అంచును గోటితో రాయండి. పోగులు శుభ్రంగా, నున్నగా బయటికి లాక్కువస్తే అతుకు పడనట్టే. పోగు తెగి, దాని చుట్టూ ప్లాస్టిక్కు పొర అంటి ఉంటే పలక బాగా కుదిరింది.

అంచులు కోశాక నిండు పలక 1.8 కిలోల కంటే తక్కువ తూగితే లోపల గాలి ఉంది. 24 గంటలు నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచండి. బరువు 2 శాతానికి మించి పెరిగితే నేను ఆ విడతను ఆరుబయటికి పంపను. అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష మే నెల ఎండ. పలకను రెండు ఇటుకల మీద ఆనించి, నడుమ 20 కిలోల బరువు పెట్టి, పగలు 11 నుంచి 4 దాకా మేడ మీద ఉంచండి. దారం బిగించి పట్టి ఎంత వంగిందో కొలవండి. ఈ ఎండలో నల్లటి ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. ఉదయం ఇనుములా ఉన్న ప్లాస్టిక్కు ఆ వేడిలో నెమ్మదిగా కుంగుతుంది.

ఎక్కడ వాడవచ్చు, ఎక్కడ వాడకూడదు

తోట దారులు, కుండీల కింద పీటలు, గోదాముల్లో బస్తాల కింద వేసే పలకలు, కాలినడక దారులు, బెంచీలు: వీటికి నిశ్చింతగా వాడండి. గోడలకు, పైకప్పుకు, దూలాలకు, మెట్లకు వద్దు. ఇది మండే వస్తువు, పైగా నిలకడ బరువు కింద కుంగే వస్తువు. వంటగదిలో, జనరేటరు దగ్గర, తప్పించుకునే దారుల్లో పెట్టకూడదు. పాత కార్పెట్లకు మరకలు పట్టకుండా ఫ్లోరిన్ రసాయనాల పూత వేసేవారు. అందుకే కూరగాయల మళ్లకూ నీళ్ల తొట్లకూ ఈ పలకలు వాడవద్దు. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోట నలుపు రంగు మానండి.

పరిచేటప్పుడు పలకల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ మధ్య ఈ పలక ఒకటిన్నర మిల్లీమీటరు దాకా సాగుతుంది. స్క్రూలు బిగిస్తే రంధ్రం స్క్రూ కంటే రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా వేయండి. కోసినప్పుడు రాలే పొడిని ఊడ్చి దాచి తర్వాతి విడతలో కలపండి. కాలువలోకి పోనివ్వకండి, ఈ నగరంలో చాలా కాలువలు చివరికి మూసీలోకే.

అమ్మకానికి చేసేట్టయితే షెడ్డు పారిశ్రామికవాడలోనే ఉండాలి. తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016 కింద రీసైక్లరుగా నమోదు అవసరం. కొనేవారికి చూపడానికి వంపు బలం, నీటి పీల్పు పరీక్షల నివేదికలు తీసుకోండి.

కొలిమి పెట్టలేనివారికి

నొక్కే యంత్రం, హీటర్లు సమకూర్చుకోలేకపోతే అదే పోగును సిమెంటు పలకల్లో వాడవచ్చు. పాలీప్రొపిలీన్ లేదా నైలాన్ పోగును రెండు సెంటీమీటర్లకు కోసి, జిగురు పొడి పూర్తిగా దులిపి, 50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 125 గ్రాములు కలపండి. పాలియెస్టర్ ఇక్కడ వద్దు, సిమెంటులోని క్షారం దాన్ని క్రమంగా తినేస్తుంది. ఇసుక, కంకర, సిమెంటు పొడిగా కలిపేటప్పుడే పోగును చేత్తో విదిలిస్తూ చల్లాలి. నీళ్లు పోశాక వేస్తే ఉండలు కడుతుంది. దీనివల్ల పలక మోసే బరువు పెరగదు. అయితే ఆరేటప్పుడు వచ్చే సన్నని పగుళ్లు తగ్గుతాయి, దెబ్బ తగిలినప్పుడు మూలలు ఊడిపోకుండా పోగు పట్టి ఉంచుతుంది. తక్కిన క్యూరింగ్ అంతా మామూలు సిమెంటు పలకకు చేసినట్టే, కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి.